దీపస్తంభం అద్దాలు, మునిగిన ఓడల చెక్కలు: మీ ప్రశ్నలకు జవాబులు

ఎనిమిదో తరగతి పిల్లలను చెన్నై, మహాబలిపురం లైట్‌హౌస్‌లకు తీసుకుపోతున్నాం. ఎక్కి దిగి, ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా వాళ్లకు ఏం చూపించాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

చెన్నై మెరీనా లైట్‌హౌస్‌లో లిఫ్ట్ ఉంది. మహాబలిపురంలో మెట్లెక్కాలి, పైకి పోయేకొద్దీ దారి ఇరుకు. అందుకని పదేసి మందిని పంపండి. దాని పక్కన బండ మీద ఓలక్కణేశ్వర గుడి ఉంది. ఒకప్పుడు ఆ గుడి పైనే దీపం పెట్టేవారు. ముందు దాన్ని చూపించి తర్వాత స్తంభం ఎక్కించండి.

పైన పిల్లలు చూడవలసింది బల్బును కాదు, దాని చుట్టూ ఉన్న అద్దాన్ని. పెట్రోమాక్స్ లైటు వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. పైకి, కిందికి పోయిన వెలుగు ఓడకు అందదు. దాన్నంతా ఒకే వైపు మళ్లించాలంటే పెద్ద భూతద్దం కావాలి, కానీ అంత మందం అద్దాన్ని మోయడం కష్టం. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెనెల్ ఆ భూతద్దాన్ని వలయాలుగా విడగొట్టి, వంపును ఉంచి మందాన్ని తీసేశాడు. నడుమ వలయాలు వెలుగును వంచుతాయి. పైనా కిందా ఉన్న పట్టకాలు (ప్రిజంలు) తమ లోపలి గోడల మీదే దాన్ని ప్రతిఫలింపజేసి సముద్రం వైపు తిప్పుతాయి. ఈ వలయాల అద్దాన్ని 1823లో ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ దీపస్తంభంలో మొదటిసారి వెలిగించారు. అద్దం ఎక్కడ వంచుతోంది, ఎక్కడ ప్రతిఫలింపజేస్తోంది అన్నది పిల్లలనే వెతకమనండి.

ఇంకో లెక్క కూడా చేయించండి. దీపం ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగ్మండలం (నీళ్లూ ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత) ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. ఎత్తు 49 మీటర్లయితే 7 × 3.57, అంటే సుమారు 25. ఓడ మీద 9 మీటర్ల ఎత్తులో నిలబడ్డ మనిషికి ఇంకో 10.7 కలపాలి. ఆ దూరం దాటితే దీపం ఎంత పెద్దదైనా భూమి వంపు అడ్డం వస్తుంది. అందుకే స్తంభాన్ని గుట్ట మీద కడతారు.

చీకటి పడ్డాక బయట నిలబడి మెరుపుల మధ్య వ్యవధిని గడియారంతో కొలవమనండి. నాలుగు పలకల అద్దం 20 సెకన్లకు ఒక చుట్టు తిరిగితే 5 సెకన్లకొక మెరుపు కనిపిస్తుంది. దగ్గర్లోని స్తంభాలకు వేర్వేరు మెరుపుల వరసలుంటాయి. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే ఓడ పోయి బండకు తగులుతుంది.

కరెంటు లేని రోజుల్లో దీపస్తంభం కావలివాళ్లు రాత్రంతా ఏం చేసేవారు?
– ఒక పాఠకుడు, జగిత్యాల

అద్దం తిరగడానికి గడియారం లాంటి యంత్రం ఉండేది. స్తంభం నడుమ వేలాడే బరువు దిగుతూ దాన్ని తిప్పేది. బరువు అడుగుకు చేరకముందే చేత్తో మళ్లీ పైకి చుట్టాలి. పెద్ద అద్దాలు టన్నుల బరువు. వాటిని పాదరసం తొట్టిలో తేలేటట్టు పెడితే వేలితో నెట్టినా తిరిగేవి. ఆ పాదరసంలో దుమ్ము పడితే తిరగడం బరువెక్కేది, అందుకే దాన్ని వడకట్టేవారు. హనుమకొండ టీచర్ గారూ, దాని ఆవిరి విషమన్న సంగతి మ్యూజియం బోర్డు మీద లేకపోతే పిల్లలకు మీరే చెప్పండి.

ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన కిరోసిన్ ఆవిరి దీపం పెట్రోమాక్స్‌కు పెద్దన్న. కిరోసిన్‌ను గాలి ఒత్తిడితో తోసి, వేడి గొట్టంలో ఆవిరి చేసి మ్యాంటిల్ (వేడికి తెల్లగా వెలిగే వల సంచి) మీద మండిస్తారు. ముందుగా స్పిరిట్‌తో గొట్టాన్ని సరిగా వేడి చేయకపోతే పచ్చి కిరోసిన్ భగ్గున మండి అద్దమంతా మసి పట్టేది. పొద్దున దాన్ని తుడవాలి. గుండీలు గీతలు పెట్టకుండా నార ఏప్రాన్ కట్టుకుని మరీ తుడిచేవారు. పగలు తెరలు దించేవారు, ఎందుకంటే అదే అద్దం ఎండను లోపలికి గుమిగూర్చి మంట పెట్టగలదు.

ఎండాకాలం గోదావరి తగ్గినప్పుడు ఇసుకలో పాత పడవ చెక్కలు, ఇనుప మేకులతో సహా బయటపడ్డాయి. ఒకటి ఎండలో పెడితే వారానికే పగిలి మెలితిరిగింది. మ్యూజియంలో నిలిచిన చెక్క మా దగ్గర ఎందుకు నిలవలేదు?
– ఒక పాఠకుడు, ధర్మపురి

ఏళ్ల తరబడి నీళ్లలో నానిన చెక్కలోని సత్తువను సూక్ష్మజీవులు తినేస్తాయి. కణాల గోడలు పలచబడతాయి, లోపలి నీళ్లే వాటిని నిలబెడతాయి. ఎండలో ఆ నీళ్లు పోతూ పోతూ గోడలను లోపలికి లాగేస్తాయి. అదే మీరు చూసిన పగులు. అది మళ్లీ అతకదు.

స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా ఓడను 1961లో పైకి తీశాక, నీళ్ల స్థానంలో పాలీఎథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం చేరేలా 17 ఏళ్లు పిచికారీ చేశారు. అప్పటికీ ఇనుము సాయంతో చెక్కలోని గంధకం ఆమ్లంగా మారిందని తర్వాత తేలింది. బాల్టిక్ సముద్రంలో చెక్క తొలిచే ఓడపురుగు లేకపోవడం ఆ ఓడకు కలిసొచ్చింది. మన సముద్రాల్లో ఆ పురుగు చెక్కను మిగలనివ్వదు. మంచినీళ్ల గోదావరిలో అది ఉండదు కాబట్టి మీ చెక్కలు విలువైనవి.

మిగిలినవాటిని ఇక ఆరనివ్వకండి. నది నీళ్లతో మెల్లగా కడిగి, తడి నూలుగుడ్డ చుట్టి, రెండు పొరల పాలిథిన్‌లో కట్టి నీడలో పెట్టండి. వాసన వస్తే గుడ్డను కొత్త నీళ్లతో మళ్లీ తడపండి. బ్రష్ వద్దు, వార్నిష్ వద్దు, ఫెవికాల్ అసలే వద్దు. మేకులు పీకకండి, అవి ఉన్న చోటే పడవ కట్టిన తీరు చెబుతుంది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, దొరికిన చోటు రాసుకుని, రాష్ట్ర వారసత్వ శాఖకు కబురు చేయండి. మిగతా చెక్కల కోసం తవ్వకండి.

సముద్రం లేని మన ఓరుగల్లుకు ఓడ మునకలతో సంబంధముందా?
– ఒక విద్యార్థి, వరంగల్

ఉంది, అదీ గొప్ప సంబంధం. ఓరుగల్లును ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడు శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాము నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోమని అందులో ఉంది. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించిన వ్యాపారుల మీద దయతో ఇస్తున్నామని రాజు మాట. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో, చీరాలకు దగ్గర్లో ఉంది, శాసనం అక్కడి వీరభద్రాలయంలో ఉంది. వరంగల్ నుంచి చెన్నై పోయే రైళ్లు చీరాల మీదుగానే వెళ్తాయి. హనుమకొండ టీచర్ గారు కూడా ఒక పూట అక్కడ దిగే వీలుంటే చూసుకోవచ్చు.