2147483647 అనే సంఖ్యకి ఏమైనా ప్రత్యేకత ఉందా?

చాలా ఉంది. నాకైతే ఇప్పటికీ ఈ అంకెలు కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది.

2012లో విజయవాడలో బీటెక్ మూడో ఏడు. మా కాలేజీ రక్తదాతల లిస్టు కోసం నేనే చిన్న వెబ్‌సైట్ రాశా. పేరు, రోల్ నంబరు, బ్లడ్ గ్రూపు, సెల్ నంబరు. నాలుగొందల మంది దాకా వివరాలు ఎక్కించారు. ఓ రాత్రి పదకొండింటికి సీనియర్ అన్న ఫోన్ చేసి "తమ్ముడూ, మా మేనత్తకి ఓ నెగటివ్ కావాలిరా, అర్జెంటు, లిస్టు తియ్యి" అన్నాడు. తీశా. ఏడుగురున్నారు, ఏడుగురికీ ఒకటే నంబరు, 2147483647. కిందకి జరిపితే నాలుగొందల మందికీ అదే. అన్న లైన్లోనే ఉన్నాడు. ఇక రోల్ నంబర్లు పట్టుకుని హాస్టల్లో గది గదికీ వెళ్ళి తలుపులు కొట్టాం, మూడో అంతస్తులో ఒకడు నిద్రలోంచి లేచి ఒక్క మాట అడక్కుండా చొక్కా వేసుకుని వచ్చేశాడు, వాడి రుణం నేను తీర్చలేను.

తప్పు నాదే, సెల్ నంబర్ కాలమ్‌కి ఇంట్ అని పెట్టా, అంటే మామూలు పూర్ణసంఖ్య దాచే రకం. దానికి 32 బిట్లు, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే 32 చోట్లు, ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి ఒకటి పోతే మిగతా 31 చోట్లా ఒకట్లే పెట్టినా 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటదు. మన సెల్ నంబర్లు అప్పుడు 7, 8, 9తో మొదలయ్యేవి, అంటే ఎంత చిన్నదైనా 700 కోట్ల పైమాటే. వివరాలు దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ అప్పటి మామూలు సెట్టింగుల్లో ఎర్రర్ ఇచ్చి ఆపేది కాదు, పట్టినంత పెట్టి ఊరుకునేది. అసలు ఫోన్ నంబర్ సంఖ్యే కాదండీ, రెండు ఫోన్ నంబర్లు ఎవరైనా కూడతారా? పిన్‌కోడ్ అంతే, ఆధార్ అంతే. అన్నీ టెక్స్ట్‌గానే దాచాలి, ఈ ముక్క మాకు నాలుగేళ్ళలో ఏ క్లాసులోనూ చెప్పలేదు.

తర్వాత దీని గురించి చదివితే తెలిసింది, ఇది ప్రైమ్, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని ప్రధాన సంఖ్య. 31 రెండ్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది, ఇలా రెండ్లు గుణించి ఒకటి తీస్తే వచ్చే ప్రైమ్‌లని మెర్సెన్ ప్రైమ్‌లంటారు, వాటిలో ఎనిమిదోది. ఇది ప్రైమే అని 1772లో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త తేల్చాడు, అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే దీని వర్గమూలం 46340 దాకా ఉన్న ప్రైమ్‌లన్నిటితో భాగించి చూడాలి, నాలుగు వేల పైనే. దీనికి భాజకమంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని ఆయన పట్టేశాడు, దాంతో చూడాల్సినవి 370 చిల్లరకి తగ్గాయి. మా స్కూల్లో ఇలాంటిది ఒక్కటి చెప్పినా లెక్కలంటే భయం ఉండేది కాదు, ఎక్కాలు బట్టీ పట్టించడంతోనే సరిపోయింది. ఆయిలర్ తేల్చాక చాలా ఏళ్ళ దాకా మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రైమ్ ఇదే.

2014లో ఓ కొరియన్ పాట వ్యూస్ ఈ సంఖ్య దాటబోతుంటే యూట్యూబ్ వాళ్ళు కౌంటర్‌ని 64 బిట్లకి మార్చారు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకునే పాత 32 బిట్ల సిస్టమ్‌లు ఇంకా ఉన్నాయి, వాటికి 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఈ సంఖ్యే వస్తుంది, ఆ తర్వాతి సెకనుకి చోటుండదు. మీ ఆఫీసులో అలాంటిది ఉంటే ఇప్పుడే మార్పించండి.