కమాండ్ టాస్క్‌లో మిమ్మల్ని ఎవరూ ఎందుకు పిలవలేదు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉంది. సైనిక దళాల్లో ఆఫీసర్ల ఎంపిక కోసం పెట్టే సీడీఎస్ రాత పరీక్ష పాసై బెంగళూరులో ఎస్‌ఎస్‌బీకి (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఇంటర్వ్యూకి) వెళ్లాను. అయిదో రోజు, బోర్డు తుది నిర్ణయం తీసుకునే కాన్ఫరెన్స్ దాకా ఉన్నాను గానీ సెలెక్ట్ కాలేదు. గ్రూప్ డిస్కషన్‌లో అందరికన్నా ఎక్కువ నేనే మాట్లాడాను. గ్రౌండ్‌లో ప్రతి అడ్డంకి దగ్గరా మొదటి ఐడియా నాదే. కమాండ్ టాస్క్‌లో మాత్రం నన్ను ఎవరూ సాయానికి పిలవలేదు, అది పెద్ద విషయం కాదనుకుంటున్నాను. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి రూ.40 వేలు కట్టమంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. ఆ డబ్బు సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ఎవరిని ఎందుకు తీసుకోలేదో బోర్డు చెప్పదు. అందుకని నేను మీ ఉత్తరాన్ని బట్టే మాట్లాడుతున్నాను. 'పెద్ద విషయం కాదు' అని మీరు దాటేసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

కమాండ్ టాస్క్ అంటే ఏమిటో ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తాను. గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్ ఒక్కొక్కరినీ కమాండర్‌ని చేసి, ఒక అడ్డంకి చూపించి, మీ గ్రూపులోంచి సాయానికి ఎవరు కావాలో ఎంచుకోమంటారు. మామూలుగా ఇద్దరు. అప్పటికే అందరూ కొన్ని రోజులుగా కలిసి తిని, ఒకే గ్రౌండ్‌లో చెమటోడ్చి ఉంటారు. ఎంచుకునేవాడి సెలెక్షన్ దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి మొహమాటానికి పోడు. చెప్పింది వింటాడు, పలక జారితే పట్టుకుంటాడు అని నమ్మకం ఉన్నవాడినే పిలుస్తాడు. మీ గ్రూపులో ప్రతి ఒక్కరికీ ఆ అవకాశం వచ్చింది, ఒక్కరికీ మీ చెస్ట్ నంబర్ (అక్కడ పేరుకి బదులు పిలిచే నంబర్) గుర్తుకు రాలేదు. ఒకరకంగా అది ఓటింగే. అది ఒక్కటే మీ ఫలితాన్ని తేల్చిందని అనను గానీ, మీ తోటివాళ్లు చెప్పాల్సింది చెప్పేశారు.

ఇప్పుడు గ్రూపంతా కలిసి వరసగా అడ్డంకులు దాటే ప్రోగ్రెసివ్ గ్రూప్ టాస్క్ గుర్తు తెచ్చుకోండి. పలక, దుంగ, తాడు, మోసుకెళ్లాల్సిన లోడ్. ఎరుపు రంగు ముట్టకూడదు, లోడ్ నేలకు తగలకూడదు. మొదటి ఐడియా మీదే, సరే. పలక వేశాక మీరెక్కడున్నారు? చాలామంది ఐడియా చెప్పి, ముందు తామే దాటేసి, అవతల నిలబడి 'రండి, రండి' అని కేకలేస్తుంటారు. అసలు కష్టమంతా వెనక ఉంటుంది. లోడ్ పట్టుకుని మిగిలిపోయిన ఇద్దరు, అందరూ దాటాక ఆ పలకని తీసి ముందుకి అందించాల్సిన చివరివాడు, దుంగ మీద కాళ్లు వణికి ఆగిపోయిన కుర్రాడు. వాళ్ల దగ్గరికి వెనక్కి వెళ్లిందెవరు? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్రూపులో ఇంకొకరి గురించి ఒక్క మంచి మాట గానీ, చెడ్డ మాట గానీ లేదు. అంతా 'నేను', 'నాదే'.

ఎక్కువ మాట్లాడటం సంగతి. బోర్డు చూసే లక్షణాలు 15. అందులో సూటిగా మాటకు సంబంధించినది భావ వ్యక్తీకరణ ఒక్కటే. సహకారం, బాధ్యత, నలుగురితో కలిసిపోవడం విడిగా ఉన్నాయి. గ్రూపుని ప్రభావితం చేయగలగడం కూడా ఉంది, నిజమే. డిస్కషన్‌లో ఎవరో నెమ్మదిగా ఒక మంచి పాయింట్ చెప్తే, 'ఒక్క నిమిషం, అతను చెప్పింది విందాం' అనడం కూడా దాని కిందికే వస్తుంది. మీరు ఒక్కసారైనా అన్నారా?

కలాం గారు కూడా వైమానిక దళం ఇంటర్వ్యూలో ఎంపిక కాలేదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. ఆ కథ మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. దానికి బదులు డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలోని చెట్‌వుడ్ హాల్ గురించి చెప్తాను. 1932లో అకాడమీ ప్రారంభోత్సవంలో అప్పటి కమాండర్ ఇన్ చీఫ్ ఫిలిప్ చెట్‌వుడ్ అన్న మాటల్ని అక్కడ రాసి పెట్టారు. మొదట దేశం, తర్వాత మీ కింద పనిచేసేవాళ్ల గౌరవం, క్షేమం, సౌకర్యం. మీ సుఖం, మీ భద్రత ఎప్పుడూ చివరే. ఆ వరసలో నడవగలిగేవాడి కోసమే బోర్డు అయిదు రోజులు వెతుకుతుంది. ఎన్‌సీసీ క్యాంపుల్లో జూనియర్ క్యాడెట్లందరికీ అన్నం అందాకే మీరు ప్లేటు పట్టుకున్నారా, లేక సీనియర్ననే ధీమాతో లైన్‌లో ముందుకెళ్లారా? జవాబు నాకు రాయక్కర్లేదు.

నా దగ్గరికి సలహా కోసం వచ్చిన ఒక విద్యార్థి గుర్తొస్తున్నాడు. బాగా మొహమాటం, నలుగురిలో నోరు విప్పడు. హాస్టల్ మెస్ కమిటీ బాధ్యత ఎవరూ తీసుకోకపోతే ఇతని నెత్తిన పడింది. పాలు, కూరగాయలు, గ్యాస్, అన్ని ఖర్చులూ ప్రతి ఆదివారం కాగితం మీద రాసి మెస్ తలుపుకి అతికించేవాడు. ఒక నెల రూ.600 తేడా వచ్చింది. కూడిక తప్పు నాదేనని అదే కాగితం మీద రాసి తన జేబులోంచి కట్టాడు. రెండు నెలల తర్వాత మెస్ బిల్లు పెంచాల్సి వస్తే ఎవరూ గొడవ చేయలేదు. అప్పటిదాకా బిల్లు పెరిగిన ప్రతిసారీ ఆ హాస్టల్లో ప్లేట్లు ఎగిరేవట!

మీరూ అలాంటి పని ఒకటి ఒప్పుకోండి. రక్తదాన శిబిరమో, ఊళ్లో పిల్లలకు ట్యూషనో, ఎన్‌సీసీ స్టోర్ లెక్కలో, ఏదైనా సరే. ఇతరులకు మీతో అవసరం ఉండాలి, తప్పు జరిగితే మీరే జవాబు చెప్పాల్సిన పని అయి ఉండాలి. ఆర్నెల్లు చేయండి. చేస్తానన్నది ఆ రోజుకి చేసేయండి. కుదరదనుకుంటే ముందు రోజే చెప్పేయండి, అంతే. నమ్మకం చాలావరకు ఇలాంటి చిన్న చిన్న మాటల దగ్గరే వస్తుంది, అక్కడే పోతుంది.

ఇంకొకటి. సైకాలజీ పరీక్షల్లో మీ గురించి మీ స్నేహితులు ఏమనుకుంటారో రాయమంటారు కదా. చాలామంది అక్కడ ఊహించి రాస్తారు. మీరు నిజంగానే అడగండి. మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లని కాదు, మీతో పడని రూమ్మేట్‌ని అడగండి. ఆ సాయంత్రం మీకు నిద్ర పట్టకపోవచ్చు.

సీడీఎస్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, మీకు వయసూ ఉంది. వైమానిక దళం ఇష్టమైతే అక్కడి ఆఫీసర్ల ఎంపిక పరీక్ష ఏఎఫ్‌క్యాట్ కూడా రాయండి. డిగ్రీ మాత్రం మంచి మార్కులతో పూర్తి చేయండి.

ఇక ఆ రూ.40 వేలు. అందులో మంచి రన్నింగ్ బూట్లు కొనుక్కోండి. కొంత పక్కన పెట్టుకోండి. ఒకే తరహా ఎంట్రీకి (మీ విషయంలో సీడీఎస్) ఎస్‌ఎస్‌బీకి మొదటిసారి వెళ్లినప్పుడే రైలు చార్జీలు ఇస్తారు. ఈసారి బెంగళూరు టికెట్ ఖర్చు మీదే.