1931 తర్వాత కనిపించని పెంకుపురుగు కోసం ఇంకా వెతకాలా?

న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవిలో మెకోడెమా పంక్టెల్లమ్ అనే పెంకుపురుగు 1931 తర్వాత ఎవరి కంటా పడలేదు, ఇక అంతరించినట్టేనా అని అడిగారు. అయ్యుండొచ్చు. కానీ "వెతికాం, దొరకలేదు" అని ఎవరన్నా ముందు అడగాల్సింది, ఎలా వెతికారని.

ఇది ఎగరలేని నేలపురుగు. దీపానికి వచ్చి వాలదు కాబట్టి లైట్ ట్రాప్ దండగ. పిట్‌ఫాల్ ట్రాపే, అంటే నడుస్తూ వచ్చిన పురుగు జారి పడే గుంతే, వేయాలి. ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు ప్లాస్టిక్ గ్లాసులు నేలలో పాతితే, గుంత చెదరకుండా లోపలిది తీసి చూసుకోవచ్చు. పని చెడేదల్లా అంచు దగ్గరే. నేల కన్నా రెండు మిల్లీమీటర్లు పైకి ఉన్నా చాలు, పురుగు మీసాలతో తడిమి చూసి పక్కకు తిరిగిపోతుంది. పాతిన రోజు సరిగ్గానే ఉంటుంది. ఒక వాన పడి చుట్టూ మట్టి కుంగాక అంచు బయటపడుతుంది, దాన్ని ఎవరూ మళ్లీ సరిచేయరు.

అరుదైనదాన్ని వెతుకుతూ గ్లాసులో గ్లైకాల్ (పడిన పురుగును చంపి చెడకుండా ఉంచే ద్రవం) పోయడమంత తెలివితక్కువ పని లేదు. ఉన్న ఒక్కటీ అందులోనే చస్తుంది. అడుగున సూదిబెజ్జాలు పొడిచి, నాలుగు తడి ఆకులు వేసి, పైన వాన పడకుండా మూత నిలబెట్టి, రోజూ తెల్లవారగానే చూడాలి. ఈ దీవిలో టువటారాలు (బల్లిలా కనిపించే సరీసృపాలు) వేలల్లో ఉన్నాయి. రాత్రి పడినదాన్ని అది మింగేసి పోతే పొద్దున నోటుబుక్కులో "ఖాళీ" అని రాసుకుంటారు. అందుకే గ్లాసు మీద రెండు సెంటీమీటర్ల కన్నాల వైరు మెష్ తప్పనిసరి.

ఆస్ట్రేలియాలోని లార్డ్ హోవ్ దీవి దగ్గర సముద్రంలో నిలబడ్డ రాతి గుట్ట, బాల్స్ పిరమిడ్ సంగతి చూడండి. 2001లో పగలు గుట్ట ఎక్కి పొదల దగ్గర చూస్తే, అంతరించిందనుకున్న లార్డ్ హోవ్ పుల్లపురుగు లేదు, దాని తాజా పెంటికలే ఉన్నాయి. చీకటి పడ్డాక టార్చితో మళ్లీ ఎక్కితేనే పురుగులు కనిపించాయి. యాభై ఏళ్లు కనబడకపోతే పోయినట్టే అనే లెక్క ఇంకా పట్టుకు తిరిగేవాళ్లున్నారు. ఏ జీవి ఏ స్థితిలో ఉందో జాబితా కట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఇప్పుడడిగేది సరైన రుతువులో, సరైన వేళలో, అది ఉండే చోటంతా గాలించారా అని.

స్టీఫెన్స్ దీవి అనగానే అందరూ పిల్లుల కథ ఎత్తుకుంటారు. అవి పిట్టల్ని తిన్నాయి, నిజమే. ఈ పురుగును మాత్రం దెబ్బతీసింది గొడ్డలే అంటాను. 1894లో లైట్‌హౌస్ వెలిగాక పశువుల మేతకని అడవి నరికారు. నీడ పోతే మొద్దుల కింద తేమ పోతుంది. కాబట్టి ట్రాపులు గడ్డి మైదానంలో కాదు, మిగిలిన చెట్ల గుబురుల్లో పెట్టాలి. మొద్దు దొర్లించి చూసినవాళ్లు అదే గుంతలో, అదే పక్క కిందికి వచ్చేలా తిరిగి పెట్టాలి. బోర్లా వదిలేస్తే కింద బతుకుతున్నవి కాస్తా ఎండిపోతాయి.