డబ్బా మీద రాసిపెట్టు, పాపా

పాపా,

కాల్చిన తూటాలను మళ్లీ నింపే రీలోడింగ్ ప్రెస్ నువ్వు కొన్నావని, .45 కోల్ట్ రివాల్వర్ తూటాలు ఇంట్లోనే చేసుకుంటావని మీ నాయన చెప్పినాడు. రాత్రంతా నిద్ర లేదు. మన ఇంటి పిల్ల ఇంత ఓర్పుండే పనికి కూర్చుంటోందని గర్వంగానూ ఉంది. టెక్సాస్‌లో ఉన్నన్నాళ్లూ నేను చేసిన పనే కాబట్టి చెప్తా, విను.

కేసులు, అంటే తూటా ఇత్తడి గొట్టాలు, కడగడం, పాత కొలతకు తెచ్చి సైజ్ చెయ్యడం, నిప్పు రాజేసే ప్రైమర్ మార్చడం నువ్వే నేర్చుకుంటావు. పౌడర్, అంటే తూటా మందు, కొలత అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్‌లోదే వాడు, తక్కువ కొలతతో మొదలుపెట్టు. .45 కోల్ట్ బ్లాక్ పౌడర్ (పాత నల్లమందు) కాలపు కేసు, కడుపు పెద్దది. ఇప్పటి పౌడర్‌కు కొంచెం చోటే చాలు, పొరపాటున రెండుసార్లు పడినా బయటికి పొంగకపోవచ్చు. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడు. అప్పుడు ఫోన్ మోగితే ఎత్తొద్దు, నాదైనా సరే.

నా అసలు భయం వేరే. నీ రూగర్ బ్లాక్‌హాక్ గట్టి రివాల్వర్, మాన్యువల్‌లో దానికి వేరే పేజీ ఉంటుంది. .45 కోల్ట్ ప్రమాణ ఒత్తిడి 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఆ పేజీలోని లోడ్లు, అంటే మందు కొలతలు, దాదాపు రెట్టింపు దాకా పోతాయి. పైకి చూస్తే రెండు తూటాలూ ఒకటే.

నాతో రేంజ్‌కి వచ్చే ఒకాయన బ్లాక్‌హాక్ కోసం గట్టి లోడ్లు చేసి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో పోసి పెట్టినాడు. డబ్బా మీద ఒక్క అక్షరం రాయలేదు. కొన్ని నెలలకు వాళ్ల కొడుకు, తాత ఇచ్చిన, అంత గట్టిది కాని పాత కోల్ట్ రివాల్వర్‌తో పాటు ఆ డబ్బా పట్టుకొచ్చినాడు. కాల్చేసరికి సిలిండర్ (తూటాలు పెట్టే చక్రం) పైసగం ఎగిరిపోయింది. కళ్లద్దాలు ఉండబట్టి పిల్లోడి కళ్లు దక్కినాయి, చెంప మాత్రం చీలిపోయింది. కొడుకును ఆస్పత్రికి తీసుకుపోతుంటే ఆ తండ్రి "నేను రాయలేదు, నేను రాయలేదు" అంటానే ఉన్నాడు. తుపాకుల మీద రాసిన పేరున్న అమెరికన్ ఎల్మర్ కీత్ అంతటివాడికే పాత .45 పేలిపోయింది. ఆ తర్వాతే ఆయన .44 స్పెషల్ అనే వేరే తూటా పట్టినాడు, 1955లో దాన్నుంచి ఇంకా గట్టి .44 మాగ్నమ్ వచ్చింది. ఆ మాగ్నమ్ కేసును కావాలనే పొడుగు చేసినారు, పాత తుపాకుల్లో దూరకుండా. నీ .45కి ఆ కాపలా లేదే పాపా! అందుకే ప్రతి డబ్బా మీదా తేదీ, పౌడర్, కొలత, "రూగర్‌కి మాత్రమే" అని ఎర్ర ఇంకుతో రాయి. రాయని డబ్బా దొరికితే అందులోవి కాల్చొద్దు, విప్పేసెయ్.

బ్రహ్మోత్సవాలకు వచ్చేటప్పుడు రేంజ్ సంచీ తేవద్దు. మూలలో ఒక్క తూటా దొర్లి ఉన్నా రేణిగుంట ఎయిర్‌పోర్టులోనో, అలిపిరి తనిఖీలోనో పట్టుకుంటారు. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా దగ్గరుంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. గుర్తుగా ఖాళీ తూటా గొట్టం కూడా వద్దు. కొత్త సంచీ కొనుక్కో, డబ్బులు నేను పంపుతా.

నీ పెదనాయన,
తిరుపతి