సోమవారం కోసం ఆగకు, కోడలు పిల్లా

చి॥ సిరికి అత్త ఆశీస్సులు.

మూడు నెలల్లో పదిహేను కిలోలు తగ్గి చూపిస్తానని పంతం పట్టావట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, సగం గర్వంగా, సగం భయంగా. నాకూ అంతే. ఆఫీసు, మెట్రో, రాత్రిళ్ళు ఆ కాల్స్... ఇన్నింటి మధ్య నీ ఒంటి గురించి ఆలోచించుకునే తీరిక చేసుకున్నావు, సంతోషం. లెక్క మాత్రం నాకు నచ్చలేదు.

ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పదిహేను కిలోలంటే లక్షా పదిహేను వేల పైచిలుకు. తొంభై రోజులకు పంచితే రోజుకు దాదాపు 1,280. నీ 74 కిలోల ఒంటికి, కూర్చుని చేసే ఉద్యోగానికి రోజంతా ఖర్చయ్యేది 1,900కి అటూ ఇటూ. మిగిలేది ఆరువందలు. రెండు ఇడ్లీలు, కప్పు పప్పన్నం, గ్లాసు మజ్జిగతో ఆ రోజు తిండి దాదాపు సరి! అలా తిన్నవాళ్ళకి ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది? 1944-45లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్ళు ఆరోగ్యంగా ఉన్న 36 మంది కుర్రాళ్ళకి ఆరు నెలలపాటు తిండి బాగా తగ్గించి చూశారు. రోజుకు 1,500 కేలరీల పైనే పెట్టారు. అయినా నీరసించారు, అయినదానికీ కానిదానికీ చిరాకుపడ్డారు, పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడుకున్నారు. కొందరైతే వంటల పుస్తకాలు పోగేసుకుని కూర్చున్నారు. పట్టుదల లేని మనుషులు కారు వాళ్ళు. ఆకలి అలా చేస్తుంది.

కాబట్టి రోజుకు 400, మహా అయితే 500 లోటు చాలు. వారానికి అరకిలో లోపు, మూడు నెలలకి అయిదారు కిలోలు. మొదటి మజిలీ నీ బరువులో అయిదు శాతం, అంటే 3.7 కిలోలు పెట్టుకో. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి ఆ మాత్రం తగ్గుదలకే తేడా తెలుస్తుంది. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు పడే ప్రమాదం పెరుగుతుంది. కడుపు మాడ్చుకున్న రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. అప్పుడు షాంపూని తిడతారు గానీ అసలు కారణం ఎవరికీ గుర్తుకు రాదు. నీ జడంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసుగా.

తెలిసిన విషయాలు గబగబా చెప్పేస్తాను. నిద్ర ఏడు గంటలు. రోజుకు ఏడు వేల అడుగులు. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తు, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. నూనె నెలకి మనిషికి అరలీటరు. మొదలుపెట్టే ముందు థైరాయిడ్ పరీక్ష, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (HbA1c) ఒకసారి చేయించుకో. టీలో పంచదార తగ్గించు. రోజుకు నాలుగు టీలు, రెండేసి చెంచాలంటే 160 కేలరీలు, నీకు కావలసిన లోటులో మూడో వంతు.

అన్నం మానకు. కొలిచి తిను. మీ నానమ్మ బియ్యం ఎప్పుడూ చేత్తో పోయలేదు. సోల నింపి, పైన వేలితో గీసి పోసేది. ఇంట్లో తొమ్మిది మందికి సరిపోవాలని ఆవిడ లెక్క. ఇప్పుడు కుక్కర్ మూత తీసి గరిటె ఎంత పైకి లేస్తే అంత కంచంలో పడుతోంది. వండిన అన్నం 150 గ్రాములంటే 200 కేలరీలు. ఒక వారం కాటా మీద తూచి చూడు, తర్వాత నీ కన్నే చెబుతుంది. ముందు కూర, పప్పు సగం తినేసి అన్నంలోకి రా. మాంసకృత్తులు రోజుకు 70 గ్రాములు పడాలి. యాభై గ్రాముల కందిపప్పులో 11, రెండు గుడ్లలో 12, పావుకిలో పెరుగులో 8 లేదా 9, వంద గ్రాముల చికెన్‌లో 22. మిగతాది ఇడ్లీ, అన్నం, చపాతీల్లోంచి వస్తుంది. చికెన్ వండుకోని రోజున 30 గ్రాముల మీల్ మేకర్ నానబెట్టుకో, అందులో 15 ఉంటుంది. ఇది సరిగ్గా పడితే సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్ సమోసా నిన్ను పిలవదు. పిలిచినా అంత గట్టిగా పిలవదు.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట మీ అన్న పెళ్ళికి ముందు చేశావు చూడు, అది మళ్ళీ చేయకు.

అన్నం పూర్తిగా మానేసి, రాత్రిళ్ళు పళ్ళు తిని, మొదటి వారంలోనే రెండున్నర కిలోలు తగ్గావు. ఇంట్లో అందరికీ ఫోన్లు! అది కొవ్వు కాదే. కాలేయంలో, కండల్లో 400, 500 గ్రాముల దాకా గ్లైకోజెన్, అంటే తిన్న పిండిపదార్థంలోంచి ఒళ్ళు దాచుకునే చక్కెర, నిలవుంటుంది. గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని ఉంటుంది. పిండిపదార్థం మానగానే ముందు ఆ నిలవ ఖాళీ అవుతుంది, దాంతోపాటు నీళ్ళూ పోతాయి. మూడో వారానికి ముల్లు ఆగింది. ఆగడం కాదు, అసలు వేగానికి వచ్చింది. నువ్వేమో నీ పని అయిపోయిందనుకున్నావు.

ఈలోగా పెళ్ళి వచ్చింది. గారెలు, బూరెలు, రాత్రి బిర్యానీ. మర్నాడు పొద్దున్నే మిషనెక్కి చూస్తే 1.8 కిలోలు ఎక్కువ. ఆ ముఖం నేను చూశాను, పెళ్ళింట్లో పీడకల కన్నట్టు ఉన్నావు. ‘అంతా పాడైపోయింది అత్తా, సోమవారం నుంచి మళ్ళీ మొదలెడతా’ అన్నావు. ఆ రోజు గురువారం.

ఇప్పుడు లెక్క చూడు. ఆ పెళ్ళి రోజు నువ్వు మామూలు కంటే 1,500 కేలరీలు ఎక్కువ తిన్నావనుకుందాం. అదంతా కొవ్వుగా మారినా 200 గ్రాములు దాటదు. మిగతా కిలోన్నర పైచిలుకు ఉప్పు, అన్నం పట్టి ఉంచిన నీళ్ళు, కడుపులో ఇంకా అరగని తిండి. మూడు నాలుగు రోజులు మామూలుగా తింటే అదే దిగిపోయేది. కానీ గురువారం నుంచి ఆదివారం దాకా ‘ఎలాగూ సోమవారం మానేస్తాంగా’ అని పెళ్ళి మిఠాయి డబ్బాలు ఖాళీ చేశావు. రోజుకు వెయ్యి ఎక్కువ అనుకున్నా నాలుగు వేలు. విందు చేసిన నష్టం కంటే సోమవారం కోసం ఆగడం చేసిన నష్టం రెండింతలు దాటింది. పైగా ఆ సోమవారం ఏమైందో మనిద్దరికీ తెలుసు.

ఇది నీ ఒక్కదాని జబ్బు కాదులే. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకి మిల్క్‌షేక్ ఇచ్చి, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ ఎంత కావాలంటే అంత తినమన్నారు. తిండి మీద కట్టడి పెట్టుకునే అలవాటున్న అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించాలి కదా? అసలు తాగనప్పటి కంటే ఎక్కువ తిన్నారు. ఎలాగూ తప్పాను కదా అన్న ఆలోచనే తినిపించింది.

అందుకని నీకొక్కటే నియమం. తప్పితే, మళ్ళీ మొదలెట్టేది తర్వాతి భోజనం నుంచి. సోమవారం కాదు, ఒకటో తారీఖు కాదు, ఉగాది అసలే కాదు. మధ్యాహ్నం బిర్యానీ తింటే రాత్రి మామూలు భోజనమే. పస్తుండకు. పస్తుంటే రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తెరుస్తావు. ఒక రోజు తప్పినంతమాత్రాన అలవాటు చెడదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు దీన్ని పరిశీలించి 2010లో ప్రచురించారు. ఒక అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పడం పెద్దగా లెక్కలోకి రాలేదు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందనే మాట ఎవరన్నా చెబితే విని ఊరుకో.

బరువు చూసుకునే పద్ధతి కూడా మార్చు. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు చూసుకుని రాసెయ్. ఆదివారం ఏడు రోజులదీ కూడి ఏడుతో భాగించు. పోల్చాల్సింది ఆ సగటుని, పోయిన వారం సగటుతో. నెలసరికి ముందు వారం నీరు చేరి కిలో, ఒక్కోసారి రెండు కిలోలు పెరుగుతుంది. ఆ వారాన్ని పోయిన నెల అదే వారంతోనే పోల్చు. పదిహేను రోజులకోసారి బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, టేపు పెట్టి కొలుచుకో. మన ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. మిషన్ కదలని వారాల్లో చాలాసార్లు టేపు కదులుతుంది. పొద్దున్న కనిపించిన అంకె రోజంతా మనసు పాడుచేస్తోందంటే మాత్రం ఆ మిషన్ అటక మీద పెట్టి టేపుతోనే సరిపెట్టుకో.

ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కో. రోజుకు మూడు టిక్కులు: ప్రతి పూటా పప్పో గుడ్డో పెరుగో పడిందా, అడుగులు అయ్యాయా, పదకొండుకల్లా పడుకున్నావా. వారానికి ఇరవై ఒకటి. పదిహేను వస్తే భేషైన వారం. బరువు మన మాట వినదు, టిక్కు మన చేతిలో ఉంటుంది. మెట్రో మెట్లు ఎక్కాక ఆయాసం తగ్గిందా, బిగుతైన ఆ ఆకుపచ్చ కుర్తా భుజాల దగ్గర వదులైందా, అవీ రాసుకో. మెచ్చుకునేవాళ్ళు లేని వారాల్లో ఆ పేజీలే అక్కరకొస్తాయి.

మనవాళ్ళ మర్యాదలకి ముందే మాట సిద్ధం చేసుకో. ఎవరింటికి వెళ్ళినా పెరుగన్నంలోకి త్వరగా వచ్చెయ్. పెరుగు కలిపిన కంచంలో మారు కూర వడ్డించేవాళ్ళు తక్కువ. ఆఫీసులో కేక్ కోస్తే ఒక ముక్క తీసుకుని నీ సీట్లో కూర్చుని తిను, డబ్బా పక్కన నిలబడి కబుర్లు వద్దు. ‘ఏంటే ఇలా చిక్కిపోయావ్, ఒంట్లో బాలేదా’ అని మీ పెద్దమ్మ అంటుంది. అయిదు కిలోలకే అంటుంది చూస్తూ ఉండు. నవ్వి ఊరుకో.

తెల్లవారుజామున చీకట్లో, చెవుల్లో పాటలు పెట్టుకుని నడవకు. కుక్కలున్నాయి, బండ్లున్నాయి. ఆరున్నర దాటాక వెళ్ళు, లేదా సాయంత్రం ఆఫీసు క్యాంపస్‌లోనే తిరుగు. నీ స్నేహితురాలెవరో బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకుంటోందని మీ నాన్న అన్నాడు. అది డాక్టర్ చూసి రాయాల్సిన మందు, ఆమె చూసి నీకు చెప్పాల్సింది కాదు. ఎప్పుడైనా తిన్నది బలవంతంగా కక్కాలనిపించినా, దాక్కుని తినాలనిపించినా నోట్‌బుక్ పక్కన పడేసి ముందు నాకు ఫోన్ చెయ్. ఎంత రాత్రైనా సరే. తిట్టను. ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం.

ఆదివారం ఫోన్‌లో బరువెంతో చెప్పకు, టిక్కులెన్నో చెప్పు. కందిపొడి, కరివేపాకు కారం బస్సు పార్సిల్లో వేశాను. పొడి అన్నంలోకి నెయ్యి ఒక చెంచా. చెంచా అంటే టీ చెంచా, వంటింటి గరిటె కాదు.

ఇట్లు,
మీ అత్త