బ్రేకు తొక్కడం కాదు, వదలడం నేర్చుకో

ఒరేయ్ చిన్నా,

మన కారును రేసు ట్రాక్ మీద నడిపే మద్రాసు ట్రాక్ డేకి డబ్బు కట్టేశావని నీ మెసేజ్ చూసి చాలా సంతోషించాను. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉండే ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. కొత్తగా నేర్చుకునేవాడికి మన దేశంలో అంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో పొడుగాటి స్ట్రెయిట్, అంటే తిన్నటి దారి, ఉంది కాబట్టి ఇంజన్ బలం చాలా తప్పుల్ని కప్పేస్తుంది, ఇక్కడ ఆ వీలు తక్కువ.

"ఎంత లేటుగా బ్రేకు కొట్టాలి బాబాయ్" అని అడిగావు కదా, ఈసారికి ఆ సంగతి వదిలెయ్. అందరూ బ్రేకు ఎక్కడ కొట్టాలా అనే చూస్తారు గానీ, మలుపు బాగా తిరిగిందా లేదా అన్నది నువ్వు బ్రేకు ఎలా వదిలావన్న దాని మీదే ఉంటుంది. స్ట్రెయిట్‌లో, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కు. అప్పుడు బరువు ముందు టైర్ల మీదకు వస్తుంది, వాటికి పట్టు పెరుగుతుంది. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టగానే కాలు కొంచెం కొంచెంగా తేలిక చేస్తూ రా, చేతులు ఎంత తిరిగితే కాలు అంత లేవాలి. ఒక్కసారిగా కాలు తీసేశావనుకో, ముందు బరువు తగ్గి మూతి తిరగదు, కారు బయటికి జారుతుంది, నువ్వు కంగారుపడి ఇంకా స్టీరింగ్ తిప్పుతావు, దాంతో ఏమీ ఒరగదు. అలాగని పూర్తిగా తొక్కిపట్టి తిప్పినా కష్టమే, ఎందుకంటే టైరుకున్న పట్టు ఒక్కటే, ఆపడానికి వాడేసింది తిరగడానికి మిగలదు.

మలుపులోకి వెళ్లే స్పీడు నీకు సరిపోతుందనిపించిన దానికంటే కాస్త తక్కువే పెట్టుకో. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో మంచి టైర్లతో గంటకు 80 కిలోమీటర్ల దాకా పట్టు ఉందనుకో, 88తో వెళ్తే 21 శాతం ఎక్కువ పట్టు కావాలి, అది టైరు ఎక్కణ్ణుంచి తెస్తుంది? మెయిన్ స్ట్రెయిట్ చివర వచ్చే మొదటి మలుపు సీ1 లాంటి స్పీడు మలుపులో ఇంకా జాగ్రత్త: ఎక్కువ స్పీడుతో వచ్చేసి మధ్యలో భయపడి యాక్సిలరేటర్ టక్కున వదిలితే బరువు ముందుకు వచ్చేసి వెనక భాగం తిరిగిపోతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారైనా సరే, తిరుగుతుంది.

తర్వాత స్ట్రెయిట్ వచ్చే ప్రతి మలుపులో అపెక్స్, అంటే లోపలి అంచుకు బాగా దగ్గరగా వెళ్లే చోటు, కాస్త లేటుగా అందుకో. ఆ లోపలి అంచు దాటాక స్టీరింగ్ విప్పుతూ యాక్సిలరేటర్ పెంచుకుంటూ పోగలగాలి. బయటి అంచు దగ్గరకొచ్చేసినా స్టీరింగ్ ఇంకా తిప్పే పట్టుకుని ఉన్నావంటే, నువ్వు తొందరపడి ముందే తిప్పావన్నమాట. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే పక్కన ఎవరూ లేకపోయినా నీ తప్పు నీకే తెలుస్తుంది. చూపు మాత్రం ఎప్పుడూ ఒక అడుగు ముందుండాలి, స్టీరింగ్ తిప్పే ముందే అపెక్స్ చూడు, అక్కడికి చేరకముందే బయటికి వెళ్లే దారి చూడు.

ఇంకో మాట, ఇది నా మీద ఒట్టు అనుకో. మలుపు తిరిగే ఈ పద్ధతులన్నీ ట్రాక్ వరకే, శ్రీశైలం ఘాట్‌లో వద్దు. ట్రాక్‌లో రోడ్డు వెడల్పంతా నీదే, ఘాట్‌లో అందులో సగం ఎదురొచ్చే ఆర్టీసీ బస్సుది.

వెళ్లే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించు. డాట్ 4 అనే రకం కొత్త ఆయిల్ అయితే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిన పాతది 155 దగ్గరే మరిగిపోవచ్చు. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. అలా అనిపిస్తే ఇంకో ల్యాప్ అనకుండా నెమ్మదిగా ట్రాక్ వదిలి వచ్చెయ్. ఆఖరి ల్యాప్ ఎప్పుడూ మెల్లగా, బ్రేకు తక్కువ వాడుతూ తిప్పు. ఆపాక బ్రేకులు వేడిగా ఉంటాయి కాబట్టి హ్యాండ్‌బ్రేక్ లాగకు, గేర్లో పెట్టి చక్రం కింద రాయి పెట్టు. టైర్లు వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి అక్కడ కొంచెం గాలి తీస్తారు, హైదరాబాద్ బయల్దేరే ముందు మళ్లీ కొట్టించడం మర్చిపోకు.

మీ బాబాయి