ఎక్సెల్ నుంచి డేటాబేస్‌కు: ప్రత్యేక కోర్సు అవసరమా?

ప్రశ్న: నేను కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎక్సెల్ బాగా వచ్చు. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో, స్ప్రెడ్‌షీట్ వివరాలను కమాండ్ లైన్ (ఆదేశాలను టైపు చేసే తెర) ద్వారా డేటాబేస్‌లోకి ఎక్కించడం తెలిసి ఉండాలని అడుగుతున్నారు. ప్రోగ్రామింగ్ రాని నేను ఇది నేర్చుకోగలనా? కోర్సులో చేరాలా?

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరు. ఈ ఒక్క పని కోసం డబ్బు కట్టి కోర్సులో చేరవలసిన అవసరం లేదు. షీటును సీఎస్వీ (విలువలను కామాలతో వేరుచేసే సాదా టెక్స్టు) ఫైలుగా సేవ్ చేసి, మీరు వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను బట్టి పోస్ట్‌గ్రెస్‌లో బ్యాక్‌స్లాష్ కాపీ, మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా, ఎస్‌క్యూలైట్‌లో డాట్ ఇంపోర్ట్ అనే కమాండ్ ఇస్తే వివరాలు టేబుల్‌లోకి చేరిపోతాయి. కమాండ్ ఒకటి రెండు రోజుల్లో పట్టుబడుతుంది. ఎక్కిన వివరాలు సరైనవేనని మీరు ఎలా తేల్చుకుంటారన్నదే ఇంటర్వ్యూలో అసలు పరీక్ష.

ఉద్యోగుల జాబితానే తీసుకోండి. 00417 అనే ఉద్యోగి నంబరును ఎక్సెల్ మామూలుగా 417గా మార్చేస్తుంది. పదహారు అంకెల ఖాతా నంబరు ఉంటే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే సంఖ్యల్లో పదిహేను అంకెలకు మించి అది నిలుపుకోదు. 03/04/2024 అన్నది మార్చి 4వ తేదీయో, ఏప్రిల్ 3వ తేదీయో ఫైలును చూసి చెప్పలేము. తెలుగు పేర్లున్న షీటును, అన్ని భాషల అక్షరాలనూ నిలుపుకునే యూటీఎఫ్-8 సీఎస్వీగా కాకుండా మామూలు సీఎస్వీగా సేవ్ చేస్తే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

ఇలాంటి లోపాలకు అన్ని డేటాబేస్‌లూ ఒకే విధంగా స్పందించవు. పోస్ట్‌గ్రెస్ సాధారణంగా ఒక్క వరుస తప్పుగా ఉన్నా మొత్తం లోడును ఆపేసి, ఏ లైనులో తప్పుందో చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో లోకల్ అనే పదం చేర్చి లోడ్ చేస్తే, పొసగని విలువలను తనకు తోచినట్లు సర్దుకొని, వార్నింగులు మాత్రం లెక్కపెట్టి చూపిస్తుంది. నా దృష్టిలో నేర్చుకునేవారికి మొదటిదే మేలు. ఏ డేటాబేస్‌లోనైనా ఇలాంటి లోపాలు జారిపోకుండా అనుభవజ్ఞులు ముందుగా అన్ని కాలమ్‌లూ టెక్స్టుగా ఉన్న తాత్కాలిక టేబుల్‌లోకి ఎక్కించి, అక్కడ పరిశీలించిన తర్వాతే అసలు టేబుల్‌కు పంపుతారు.

2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి సకాలంలో చేరలేదు. ల్యాబుల నుంచి వచ్చిన సీఎస్వీ వివరాలను 65,536 వరుసలకే పరిమితమైన పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి తీసుకోవడమే దానికి కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఫైలులో ఎన్ని వరుసలున్నాయి, టేబుల్‌లో ఎన్ని చేరాయి అని పోల్చి చూస్తే ఇటువంటి తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. ఖాతాలు టాలీ చేయడం చదివిన మీకు ఇది కొత్త విద్యేమీ కాదు: వరుసల సంఖ్యతో పాటు మొత్తాల కాలమ్ కూడికను కూడా రెండు వైపులా సరిపోల్చండి. ఈ విషయంలో కామర్స్ విద్యార్థులు చాలామంది ఇంజనీరింగ్ వారికి ఏమాత్రం తీసిపోరు.

సర్వర్ అక్కర్లేని ఎస్‌క్యూలైట్‌తో మొదలుపెట్టి, డేటాబేస్‌ను వివరాలు అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్, జాయిన్, గ్రూప్ బై అనే ఆదేశాలు వచ్చాక పోస్ట్‌గ్రెస్‌కు వెళ్లండి. ఎస్‌క్యూఎల్ రాకుండా కేవలం లోడ్ చేయడం వస్తే ఉద్యోగం దొరకదు. ఆ తర్వాత, కావాలనే తప్పులు పెట్టిన ఒక ఫైలును ఎక్కించి, ఏ తప్పును ఏ క్వెరీ (ఎస్‌క్యూఎల్ ప్రశ్న)తో పట్టుకున్నారో ఒక పేజీలో రాసి రెజ్యూమెకు జతచేయండి. అందులో నిజమైన వ్యక్తుల వివరాలు మాత్రం వాడవద్దు.